చెరసాలలో కలిసి చేసే పని

(డయోసీసు శతవత్సర మహోత్సవముల సందర్భముగా జరిగిన సంఘ కూటములో చేసిన ప్రసంగము)



నూరు సంవత్సరముల పండుగలో మనము సహజముగా కట్టడములను తలంచుకొంటాము. ఈ దేవాలయము ఎప్పుడు కట్టారు, ఆ పాఠశాలకు పునాది ఎవరు వేశారు, ఆసుపత్రిలో మొదటి మంచము ఎప్పుడు పడినది అని చెప్పుకొంటాము. చెప్పుకొనవలసినదే. మత్తయి సువార్త 25వ అధ్యాయములో ప్రభువు ఆరు రకముల వారిని లెక్కించినాడు. ఆకలిగొన్నవారు, దప్పిగొన్నవారు, పరదేశులు, బట్టలు లేనివారు, రోగులు, చెరలో ఉన్నవారు. మొదటి ఐదుగురి కొరకు సంఘములు హాస్టళ్లు, వైద్యశాలలు, అనాథ శరణాలయములు కట్టినవి. ఆరవ వాని కొరకు మనము కట్టవలసిన కట్టడము లేదు. దానిని ప్రభుత్వము ముందే కట్టి ఉంచినది. ఆరవ వాని విషయములో మనకు మిగిలినది ఒక్కటే, లోపలికి వెళ్లుట.

అయితే వెళ్లి ఏమి చేయవలెను? వాక్యము చెప్పుట, ప్రార్థించుట, క్రిస్మస్‌కు పండ్లు, దుప్పట్లు పంచుట మన సంఘములకు అలవాటైన మంచి పనులే. ఈ పూట మేము చెప్పదలచినది వాటికి తోడుగా నిలిచే మరొక పని. పాట గాని, నాటకము గాని, బొంత గాని, గోడమీద బొమ్మ గాని, ఖైదీలును బయటివారును కలిసి చేయుట. అట్లు కలిసి చేసిన పని చెరలో ఉన్నవాని మనస్సును నిలబెట్టగలదని లోకములో నాలుగు చోట్ల జరిగిన సంగతులను బట్టి చెప్పుచున్నాము.

చెరసాలలో మనస్సు

చెరసాల అనగానే మనకు ఇనుప ఊచలు, చాలని తిండి, ఇరుకు గది జ్ఞాపకము వస్తాయి. శరీరపు కష్టము కంటికి కనబడుతుంది. మనస్సు కష్టము కనబడదు. లోపల దినమంతయు గంట ప్రకారము నడుస్తుంది. లేపినప్పుడు లేవవలెను, లెక్కకు నిలుచుండవలెను, పెట్టినప్పుడు తినవలెను, తలుపు వేసినప్పుడు లోపల ఉండవలెను. ఏ చిన్న సంగతిలోను తన ఇష్టముతో నిమిత్తము లేదు. ఇంటి దగ్గర ఆ మనిషి ఒకరికి తండ్రి, ఒకరికి కొడుకు. తాపీ పనికి అతడు రాకపోతే ఆ పూట గోడ లేవదు. లోపల అతడు లేకపోతే తగ్గేది లెక్క ఒక్కటే. నేను ఎవరికి కావలెను అను ప్రశ్న మొదట రాత్రిపూట వస్తుంది, తరువాత పగలు కూడా వస్తుంది.

మన దేశములో 2022 సంవత్సరాంతమునకు చెరసాలలలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఆ చెరసాలలలో చోటు ఉన్నది 4,36,266 మందికి మాత్రమే. లోపల ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు, అనగా వారి నేరము ఇంకను రుజువు కాలేదు. శిక్ష పడినవానికి రోజులు లెక్కపెట్టుకొనే వీలైనా కలదు. విచారణ ఖైదీకి ఆ లెక్క కూడ లేదు. వాయిదా మీద వాయిదా. బెయిలు వచ్చినా జామీను నిలిచేవాడు దొరకక లోపలే ఉండిపోయే పేదలు ఉన్నారు. అదే సంవత్సరము దేశములోని చెరసాలలలో అసహజముగా మరణించిన 159 మందిలో 119 మంది తమ ప్రాణము తామే తీసుకొన్నవారు. సహోదరులారా, ఇవి అంకెలు మాత్రమే కావు. ప్రతి ఒక్కరి వెనుక ములాఖత్ రోజున గేటు దగ్గర సంచి పట్టుకొని నిలుచున్న ఒక తల్లి గాని, భార్య గాని ఉన్నది.

ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో కాళ్లకు బొండ వేయబడిన పౌలు సీలలు మధ్యరాత్రి పాడినారని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. ఇద్దరు కలిసి పాడినారు. మిగిలిన ఖైదీలు విన్నారు. తలుపులు తెరచుకొనిన సంగతిని మనము ఎక్కువగా చెప్పుకొంటాము గాని, తలుపులు తెరచుకొనక ముందే ఆ చీకటి గదిలో మనుష్యుల మధ్య ఒక బంధము ఏర్పడినదని గమనించవలెను.

ఓడలో కుట్టిన బొంత

మొదటి సంగతి ఇంగ్లండు దేశమునకు చెందినది. ఎలిజబెత్ ఫ్రై అనే క్వేకరు స్త్రీ 1813లో లండనులోని న్యూగేట్ చెరసాలకు వెళ్లి, అక్కడ స్త్రీలు పసిపిల్లలతో సహా గడ్డిమీద పడియుండుట చూచినది. 1817 నుండి కొందరు స్త్రీలను కూడగట్టుకొని వారికి చదువు, కుట్టుపని నేర్పుటకు పూనుకొన్నది. ఆ కాలమున శిక్ష పడిన స్త్రీలను ఓడలలో ఎక్కించి ఆస్ట్రేలియాకు పంపివేసేవారు. నెలల తరబడి సముద్ర ప్రయాణము. ఆ దూరము నుండి ఇంటికి తిరిగి వచ్చుట అరుదు. ఆ స్త్రీల కొరకు ఫ్రై గారి సంఘమువారు ఒక్కొక్కరికి ఒక్కొక్క సంచి సిద్ధము చేసేవారు. అందులో సూదులు, దారపు ఉండలు, అంగుస్తాను, కత్తెర, రెండు పౌనుల బరువు గుడ్డ ముక్కలు ఉండేవి.

1841 ఏప్రిల్‌లో రాజా అనే ఓడ సుమారు 180 మంది ఖైదీ స్త్రీలతో బయలుదేరి జూలైలో హోబర్ట్ రేవు చేరినది. ఆ మూడు నెలలలో వారు కలిసి ఒక పెద్ద బొంత కుట్టినారు. అందులో 2,815 ముక్కలు ఉన్నవి. దాని అంచున, ఆ గుడ్డలిచ్చిన స్త్రీలకు తమ కృతజ్ఞతను దారముతో అక్షరములుగా కుట్టినారు. ఆ బొంత ఇప్పుడు ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాలలో, కాన్‌బెర్రాలో భద్రముగా ఉన్నది.

మన ఇండ్లలో బొంత ఎట్లు తయారగునో మీకు తెలియును. నాయనమ్మ పాత చీర, అక్క లంగా, చినిగిన పంచె, ఎవరిదో రవిక ముక్క, అన్నీ ఒకచోట చేరుతాయి. ఆ ఓడలోని బొంతలో కొన్ని కుట్లు నేర్పరులవి, కొన్ని చేయి తిరగనివారివి అని చూచినవారు చెప్పుచున్నారు. అయినా చేయి తిరగని కుట్టు విప్పితే నేర్పరి కుట్టు కూడ నిలువదు. నేను ఎవరికి కావలెను అని అడిగే మనిషికి ఇంతకంటె తిన్నని జవాబు మేము ఎరుగము.

మాటలు లేని పాట

రెండవ సంగతి సుమత్రా ద్వీపములోనిది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమగుచున్నప్పుడు ఓడలలో పారిపోయిన అనేకమంది స్త్రీలును పిల్లలును పట్టుబడినారు. వీరు నేరస్థులు కారు, యుద్ధములో చిక్కినవారు. అయినను చెర చెరయే. ఆకలి, మలేరియా, దినదినము మరణములు. అక్కడ మార్గరెట్ డ్రైబరో అనే ప్రెస్బిటేరియను మిషనరీ, లండను రాయల్ అకాడమీలో సంగీతము చదివిన నోరా చేంబర్స్ అనే ఆమె, పాలెంబాంగ్ శిబిరములో ఉన్నారు. వాద్యములు లేవు. పుస్తకములు లేవు. డ్రైబరో గారు పియానోకు, వాద్యబృందమునకు వ్రాయబడిన సంగీతమును జ్ఞాపకము నుండి కాగితముల మీద వ్రాసి, స్త్రీల గొంతులకు నాలుగు స్వరభాగములుగా అమర్చినారు. పాడేవారు సుమారు ముప్పది మంది. ఆంగ్లేయులు, డచ్చివారు, ఆస్ట్రేలియావారు. భాషలు వేరు గనుక మాటలు లేకుండ ఊ, ఆ అనే ధ్వనులతోనే పాడవలెనని నిర్ణయించినారు. వయొలిన్ చేయవలసిన పని ఒక గొంతు చేసినది, సెల్లో పని మరొక గొంతు చేసినది.

1943 డిసెంబరు 27న, క్రిస్మస్ గడచిన రెండవనాడు, మొదటి కచేరి జరిగినది. గుంపు కూడరాదని ఆపుటకు వచ్చిన కావలివాడు ఆపకుండ నిలిచి విన్నాడని అక్కడ ఉన్నవారు తరువాత వ్రాసినారు. నిలుచుండి పాడుటకు ఓపిక లేక ఆ స్త్రీలు బల్లలమీద కూర్చుండి పాడేవారు. 1945 నాటికి పాడేవారిలో అనేకులు చనిపోగా బృందము ఆగిపోయినది. డ్రైబరో గారు కూడ ఆ ఏప్రిల్‌లో, విడుదలకు కొద్ది నెలల ముందు మరణించినారు. ఆ స్వరముల కాగితములు మిగిలినవి. 1980 తరువాతి సంవత్సరములలో అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన స్త్రీల గాయక బృందము వాటిని తిరిగి పాడినది. 1997లో వచ్చిన పారడైజ్ రోడ్ అనే సినిమా ఈ చరిత్రను ఆధారము చేసికొన్నది.

సంగీతము వారి ఆకలి తీర్చలేదు. మరణమును ఆపలేదు. ఈ మాట దాచకూడదు. అయితే అభ్యాసమునకు రావలసిన వేళ ఒకటి ఉన్నది, తన గొంతు కొరకు కనిపెట్టుకొనియున్నవారు కొందరు ఉన్నారు. ఆ కొద్దిపాటి సమయము వారు లెక్కలో అంకెలు కారు.

రెండు గోడలు

మూడవ సంగతి మన కాలములోనిది, మరికొంత కఠినమైనది. అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో గోడచిత్రములు వేయించే ఒక నగర సంస్థ కలదు. దాని పేరు మ్యూరల్ ఆర్ట్స్. 2004 ప్రాంతమున ఆ సంస్థవారు పట్టణమునకు దగ్గరలోని గ్రేటర్‌ఫర్డ్ చెరసాలలో, యావజ్జీవ శిక్ష పడినవారితో సహా కొందరు ఖైదీలను చిత్రకారులతో కూర్చుండబెట్టినారు. ఖైదీలు బయటికి వచ్చి గోడ ఎక్కలేరు గదా! అందుచేత పలుచని గుడ్డ ముక్కలమీద లోపల బొమ్మ వేసి, ఆ ముక్కలను బయటికి తెచ్చి గోడకు అతికించే పద్ధతి ఉన్నది.

ఈ పనిలోనికి నేరములవలన తమవారిని పోగొట్టుకొనిన కుటుంబములవారిని కూడ పిలిచినారు. కొడుకును పోగొట్టుకొనిన తల్లి ఒక ప్రక్క, హత్యానేరమునకు శిక్ష పొందినవాడు మరొక ప్రక్క. బొమ్మలో ఏమి ఉండవలెను అనుదానిమీద తీవ్రమైన వాదము వచ్చినది. మీ పశ్చాత్తాపపు బొమ్మలో మా దుఃఖము ఎక్కడ అని బాధితులు అడుగుట న్యాయమే. తుదకు ఒక గోడ కాక రెండు గోడలు వేసినారు. ఒకటి బాధితుల ప్రయాణము, ఒకటి ఖైదీల ప్రయాణము. ఈ సంగతిని చూపించే డాక్యుమెంటరీ చిత్రము 2009లో వచ్చినది. ఆ గ్రేటర్‌ఫర్డ్ చెరసాల 2018లో మూతపడినది.

దీనినుండి మనము నేర్చుకొనవలసినది ఉన్నది. చెర పరిచర్య అనగానే, నేరస్థులను ముద్దు చేయుచున్నారు, నష్టపోయినవారి మాటేమిటి అని మన సంఘములలోనే కొందరు అడుగుతారు. అడుగవలసిన ప్రశ్నే. మన పేటలలో కూడ దెబ్బ తిన్నవారి ఇల్లు, దెబ్బ కొట్టినవారి ఇల్లు ఒకే వీధిలో ఉంటాయి, ఒక్కొక్కసారి ఒకే దేవాలయములో కూర్చుంటారు. ఖైదీ మనస్సు బాగుపడుట అనగా అతడు చేసినది మరచిపోవుట కాదు. చేసినదానిని మోసికొని పిచ్చివాడు కాకుండ, చావకుండ, మనిషిగా నిలుచుట. ఒక రంగు దగ్గర, ఒక గీత దగ్గర ఎదుటివారి దుఃఖమును ఎదుర్కొనవలసి వచ్చినప్పుడు ఆ నిలుచుట మొదలు కావచ్చును.

వాల్మీకి వేషము

నాలుగవది మన దేశములోనిదే. కలకత్తాలో అలోకానందా రాయ్ అనే నర్తకీమణి 2007లో ప్రెసిడెన్సీ జైలులో నృత్యము నేర్పుట ఆరంభించినారు. నాట్యము ఆడదాని పని అని మొదట మగ ఖైదీలు ముడుచుకొన్నారు. క్రమముగా చేరినారు. వారితో ఆమె రవీంద్రనాథ ఠాకూరు వ్రాసిన వాల్మీకి ప్రతిభ అనే సంగీత నాటకమును ఆడించినారు. దోపిడీ దొంగ కవి అయిన కథ అది. చెరసాల గోడల వెలుపల, టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుల యెదుట ఖైదీలు దానిని ఆడినారు. వాల్మీకి వేషము వేసిన యువకుడు విడుదలైన తరువాత, 2012లో వచ్చిన ముక్తధార అనే బెంగాలీ సినిమాలో ముఖ్యపాత్ర ధరించినాడు.

అందరూ నటులు కారు, కానవసరము లేదు. అయితే నాటకములో ఒక విశేషము కలదు. ఒకడు తన వంతు మాట మరచిపోతే ప్రక్కవాడు అందించవలెను. బ్యారకులో ఎవరిని నమ్మరాదు అని నేర్చుకొనినవాడు, రంగస్థలము మీద ప్రక్కవానిని నమ్మక తప్పదు.

ఇందులో ఏమి జరుగుచున్నది?

ఈ నాలుగింటిలోను మనస్సునకు మేలు చేసినది ఏమిటని విచారించగా మాకు మూడు సంగతులు తోచినవి. మొదటిది, కాలము. చెరలో కాలము చెరువునీటివలె కదలదు. పనికి మొదలు, నడుమ, తుది ఉంటాయి గనుక రేపటికి ఒక అర్థము వస్తుంది. రెండవది, ఇష్టము. ఎర్రదారమా నల్లదారమా అని ఎంచుకొనుట చిన్న సంగతే, కాని లోపల ఉన్నవానికి ఆ దినమునకు తాను ఎంచుకొనిన సంగతి అదొక్కటే కావచ్చును. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, వంతు. ఒంటరిగా బొమ్మ వేసికొనుట మంచిదే, కాని తన వంతు లేకపోతే పదిమంది పని ఆగుతుందని తెలిసిన మనిషికి తాను కావలసినవాడనని ఎవరును బోధించనక్కరలేదు.

లోకము కూడ దీనిని ఒప్పుకొన్నది. ఐక్యరాజ్యసమితి 2015లో అంగీకరించిన ఖైదీల నియమములలో, వీటినే నెల్సన్ మండేలా నియమములు అంటారు, 105వ నియమము ప్రకారము ఖైదీల శరీర, మనస్సుల ఆరోగ్యము కొరకు ప్రతి చెరసాలలో వినోద, సాంస్కృతిక కార్యక్రమములు ఉండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడువేలకు పైగా పరిశోధనలను కూడగట్టి, కళలు ఆరోగ్యమునకు సహాయపడుచున్నవని నివేదిక ఇచ్చినది.

అయితే పాట వైద్యునికి బదులు కాదు. ఒకడు తిండి మానివేసినా, మాట మానివేసినా, తన వస్తువులు ఇతరులకు పంచిపెట్టుచున్నా, చావుమాట ఎత్తినా, ఆ దినమే జైలు వైద్యునికి, అధికారికి చెప్పవలెను. ప్రార్థన చేసి ఊరకుండరాదు. ఇంటివద్ద కృంగియున్న కుటుంబసభ్యులు 14416 అనే టెలిమానస్ నంబరుకు ఫోను చేసి మాట్లాడవచ్చును. 2022 నుండి ప్రభుత్వము దానిని నడుపుచున్నది.

మనము ఏమి చేయగలము?

మన ప్రాంతపు చెరసాలకు తగిన కొన్ని ఆలోచనలు చెప్పి ముగిస్తాము.

సూపరింటెండెంటు గారి అనుమతి లేకుండ ఒక్క అడుగును వేయరాదు. సూది, కత్తెర, దారము, రంగుడబ్బా దేనికైనను లోపలికి పోవునప్పుడు లెక్క, బయటికి వచ్చునప్పుడు లెక్క ఉండవలెను. వారము వారము ఒకే రోజున, ఒకే వేళకు వెళ్లగలమని తెలిసినప్పుడే మాట ఇవ్వవలెను. ఎదురుచూచుటయే శిక్షగా ఉన్నవానిని మనము కూడ ఎదురుచూడబెట్టరాదు.

వారికి తెలిసిన కళనే తీసికొనవలెను. కోలాటములో ఒక్క కోల తప్పితే వలయమంతయు ఆగిపోవును. బుర్రకథకు కథకుడు, ఇద్దరు వంతలు కావలెను, ముగ్గురిలో ఒకడు లేకపోతే కథ నడువదు. స్త్రీల బ్యారకులో బొంత కుట్టవచ్చును, పాత చీరలు మన స్త్రీల మైత్రివారు సేకరించగలరు. తోటలో పని చేసే ఖైదీలు, పాట కట్టగల కూలీలు, బొమ్మ వేయగల సైన్‌బోర్డు పెయింటర్లు లోపల ఉన్నారు. గురువులు వారిలోనే దొరుకుతారు.

ఈ పనికి ఏ మతమువాడైనను రావచ్చును. హిందువు, ముస్లిము, క్రైస్తవుడు ఒకే బొంతకు కూర్చుండవలెను. కళను గాలమునకు ఎరగా కట్టరాదు. నీవు ఏ నేరము చేశావని మనము అడుగరాదు, అతడు చెప్పితే వినవలెను, బయట చెప్పరాదు. ఫోటోలు తీసి సంఘ పత్రికలో వేయరాదు.

తయారైన పనిని అధికారుల అనుమతితో బయటికి తెచ్చి పదిమందికి చూపవలెను. జైలుకు పోయినవాని పిల్లలు బడిలో తలవంచుకొని కూర్చుంటారు. ఈ పువ్వు మా నాన్న కుట్టినది అని ఆ బిడ్డ వ్రేలు పెట్టి చూపుటకు ఒక వస్తువు ఉండనీయండి. విడుదలై వచ్చినవానిని, లోపల మనతో పాడినవానిని, బయట మన గాయక బృందము బల్లమీద కూర్చుండనీయవలెను. అక్కడ మనము జరిగి చోటు ఇవ్వకపోతే లోపల చేసినదంతయు పండుగపూట వేడుకగా మిగిలిపోవును.

నూరు సంవత్సరముల క్రిందట మన ప్రాంతమునకు వచ్చినవారికి డబ్బు తక్కువ, నడక ఎక్కువ. ఈ పనికి కూడ డబ్బు ఎక్కువ అక్కరలేదు. ప్రతి పాస్టరేటులో పదిమంది, వారమునకు ఒక గంట చాలును. ఈ శతవత్సరము ముగియక ముందే కనీసము ఒక చెరసాలలో, ఒక బ్యారకులో, ఒక్క బొంతయైనను మొదలు కావలెనని మిమ్మును కోరుచున్నాము. పేర్లు ఇవ్వదలచినవారు కూటము ముగిసిన తరువాత సంఘ కార్యదర్శి గారిని కలిసికొనగలరు.